థెసిగర్: రబ్ అల్ ఖాలీ ఇసుకల్ల నడిచిన మనిషి గురించి మాట్లాడుకుందాం

ఓరుగల్లు_పోరడు (హన్మకొండ):
అందరికి నమస్తే. ఎడారి యాత్రికుల మీద ఇక్కడ ఇంతవరకు ఎవ్వరు థ్రెడ్ పెట్టినట్టు కనపడలే, అందుకే నేనే మొదలు వెడుతున్న. విల్ఫ్రెడ్ థెసిగర్ అని ఒక ఇంగ్లీషాయన, 1910ల అడిస్ అబాబాల పుట్టిండు, 2003ల పోయిండు. 1946 నుంచి 1948 మధ్యల సౌదీ, ఒమన్, ఇప్పటి యూఏఈ నడుమ ఉండే రబ్ అల్ ఖాలీ అనే ఇసుక ఎడారిని రెండు సార్లు ఒంటెల మీద దాటిండు. అది దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ లాంటివి ఐదుకు పైనే పడతయి అందుల. ఆయన రాసిన అరేబియన్ సాండ్స్ 1959ల వచ్చింది, లైబ్రరీల గ్రూప్స్ పుస్తకాల పక్కకు దొరికితే పట్టుకున్న, ఇగ వదలబుద్ధి కాలే.

నన్ను పట్టేసింది ఇసుక కాదు. అందుల ఒక కుందేలు సంగతి ఉంటది. అందరు ఆకలితోని ఉన్నరు, ఎప్పటికో ఒక కుందేలు దొరికింది, వండుకున్నరు, రొట్టె గూడ కాల్చుకున్నరు, తిందామనే టైంకు దూరంగ ముగ్గురు మనుషులు కనపడ్డరు. వచ్చిండ్రు, సలాం చెప్పుకున్నరు, ఎటు నుంచి వస్తున్నరు ఏం ముచ్చట అని అడుక్కున్నరు, కాఫీ కాచి ఇచ్చిండ్రు, తర్వాత ఆ కుందేలు కూర, ఆ రొట్టె మొత్తం తీసి వాళ్ల ముందట వెట్టిండ్రు. మీరు గూడ కూసోండి అని వాళ్లంటే, లేదు మీరు మా మెహమాన్లు, దేవుడే తోలిండు మిమ్మల్ని, ఇయ్యాల మంచి రోజు అని ఒక్కొక్కడు మనస్ఫూర్తిగ చెప్తుండట. థెసిగర్ గూడ అదే మాట అన్నడు గని లోపల ఎంత మండుతున్నదో దాచకుండ రాసిండు. అక్కడ నేను పుస్తకం మూసి కొద్దిసేపు ఊకనే కూసున్న.

అడిగేదేందంటే, ఈయనను ఎక్స్‌ప్లోరర్ అనాల్నా, భూగోళ శాస్త్రజ్ఞుడనాల్నా? ఎందుకంటే మ్యాపు కంటె మనుషుల గురించే ఎక్కువ రాసిండు. భూగోళం సార్, మీరు చెప్పాలె.

భూగోళం_సార్ (హన్మకొండ, రిటైర్డ్ లెక్చరర్):
మంచి ప్రశ్న అడిగినవ్ తమ్మీ. డిగ్రీ లెక్కన చూస్తే ఆయన భూగోళం చదువలేదు, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివిండు. కానీ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1948లో ఫౌండర్స్ మెడల్ ఇచ్చింది, అది మా సబ్జెక్టులో చాలా పెద్ద గౌరవం.

సాంస్కృతిక భూగోళం అంటే ఏందో రెండు ముక్కల్లో చెప్తా. బర్క్‌లీలో కార్ల్ సావర్ అనే ప్రొఫెసర్ 1925లో రాసిన వ్యాసంతోని ఈ శాఖ గట్టిపడింది. నేల దానంతట అదే మనిషి బతుకును నిర్ణయిస్తుందని అప్పటిదాకా చాలా మంది అనేవాళ్లు. సావర్ దాన్ని తిరగేసిండు. ఒక జాతి తన అలవాట్లతో, తన పనిముట్లతో, తన నమ్మకాలతో నేలను తనకు తగ్గట్టు మలుచుకుంటది, మనం కంటితో చూసే దృశ్యం ఆ పని ఫలితం అన్నడు. మన దగ్గర పాకాల, లక్నవరం, రామప్ప చూడండి. వాగు ఉన్నది, గుట్టల నడుమ సందు ఉన్నది, అది ప్రకృతి. ఆ సందులో కట్ట పోసి వందల ఏండ్లు వరి పండించుకోవడం కాకతీయుల కాలం మనుషులు చేసిన పని. ఆ కళ్లతో చూస్తే థెసిగర్ రాసిన ప్రతి బావి, ప్రతి ఒంటె దారి సాంస్కృతిక భూగోళమే. ఏ బావి ఏ తెగది, ఏ నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఏ వాన పడితే ఏ గడ్డి ఎన్నాళ్లు ఉంటది, ఎవరి జాగలో ఎవరి మనిషి వెంట ఉంటే ప్రాణానికి భరోసా, ఇవన్నీ ఆయన రాసిండు.

ఇంకొక సంగతి, అరేబియాకు పోకముందే ఆయన ఒక నది లెక్క తేల్చిండు. ఇథియోపియాలో అవాష్ అని నది, ఎత్తు ప్రాంతం నుంచి సముద్రం వైపు పారుకుంటా వస్తది కానీ సముద్రాన్ని చేరదు. ఎక్కడ పోతుందో చూడాలని 1933-34లో, ఇరవై మూడేండ్ల వయసులో, దనాకిల్ ప్రాంతంలోకి పోయిండు. అక్కడి అఫార్ వాళ్ల దేశంలోకి అంతకుముందు పోయిన యూరప్ వాళ్లు కొందరు తిరిగి రాలేదు. ఈయన ఔస్సా సుల్తాన్ దగ్గర పర్మిషన్ తీసుకొని ఆ నది వెంటే పోయి, అది అబ్బె అనే ఉప్పు సరస్సులో కలిసిపోతుందని చూసి వచ్చిండు. తర్వాత సూడాన్‌లో, డార్ఫూర్‌లో ఉద్యోగం. ఒంటె మీద దూరాలు పోవుడు అక్కడే నేర్చుకున్నడు.

ఆదిలాబాద్_పత్తిచేను:
సార్ ఒక్కటి కలుపుత. ఆయనను రబ్ అల్ ఖాలీకి తోలింది మిడతలు. అవును, మిడతలే. 1945ల బ్రిటిష్ వాళ్ల మిడతల నివారణ సంస్థ తరఫున, ఆ ఇసుకలల్ల మిడతలు ఎక్కడ గుడ్లు పెడుతున్నయో చూసి రమ్మని పంపిండ్రు. ఎడారి మిడత వాన పడ్డ తడి ఇసుకల పొట్ట దించి గుడ్లు పెడ్తది, పిల్లలయితయి, ఒంటరిగ ఉన్నంత సేపు ఏం చెయ్యది, వానకు మొలిచిన పచ్చగడ్డి ఎండుకుంట వస్తుంటే అన్ని ఒక్క కాడికి చేరతయి, ఒకదాని మీద ఒకటి రాసుకుంటయి, ఇగ రంగు మారుతది, గుణం మారుతది, దండు కడతయి. ఒక చదరపు కిలోమీటర్ దండుల 4 కోట్ల నుంచి 8 కోట్ల దాక ఉంటయి.

2020 మే నెల యాదికున్నదా? విదర్భ దాక వచ్చినయి. మా బార్డర్ ఊర్లల్ల ఎంత భయపడ్డమో, వానాకాలం విత్తనాలు తెచ్చుకొని ఇంట్ల పెట్టుకున్నం, సర్కారు కమిటీ వేసింది, మందు కొట్టే ఫైరింజన్లు రెడీ పెట్టిండ్రు, రాత్రి పూట గూడ చేన్ల కాడికి పోయి చూసి వచ్చినం. మన దిక్కు రాలేదు గని ఆ పదిహేను ఇరవై రోజులు నిద్ర లేదు. అందుకే ఈ మనిషి పని నాకు అడ్వెంచర్ లెక్క కనపడదు. మిడతను అది పుట్టే జాగలనే పట్టుకోవాలె, రెక్కలు వచ్చినంక ఎవ్వని చేతుల ఉండదు. పుట్టే జాగ ఎక్కడున్నదో చూడాల్నంటే ఎవడో ఒకడు నడవాలె గదా.

జగిత్యాల_గల్ఫ్_అన్న:
ఈ థ్రెడ్ చూసి నిద్ర పట్టక రాస్తున్న. నేను అల్ ఐన్‌ల చాన ఏండ్లు పని చేసిన, కన్‌స్ట్రక్షన్‌ల. అక్కడ అల్ జాహిలి కోట అని ఉంటది, 1890లల కట్టిందట, మట్టి ఇటుకల కోట, గుండ్రటి బురుజు మూడు నాలుగు అంతస్తులు ఒకదాని మీద ఒకటి తగ్గుకుంట పోతది. అందుల ఈ థెసిగర్ ఫోటోలు పర్మనెంట్‌గ పెట్టిండ్రు. అక్కడ ఆయనను ముబారక్ బిన్ లండన్ అంటరు. శుక్రవారం సెలవు ఉంటే నేను, మా రూముల మెట్‌పల్లి తమ్ముడు పోయినం, టికెట్ లేదు, లోపల ఏసీ ఉంటదని పోయినం అనుకోండ్రి ముందు.

లోపల గోడ మీద ఒక పోరని ఫోటో ఉన్నది, జుట్టు చెవుల కిందికి, నడుముకు బాకు, పదహారు పదిహేడేండ్లు ఉంటయేమో. సలీం బిన్ కబీనా. ఆ పోరడే థెసిగర్ వెంట మొత్తం తిరిగిండు. ఇంకొకడు సలీం బిన్ ఘబైషా. మేం ఇద్దరం ఆ ఫోటో కాడ మస్తు సేపు నిలబడ్డం, ఎందుకంటే ఆ పోరని కాళ్లు చూసినం, చెప్పులు లేవు, మడమలు పగిలి ఉన్నయి, మా కాళ్లు ఎట్లుంటయో అట్లనే.

గని ఒక మాట చెప్తె బాధ పడకుండ్రి. థెసిగర్‌కు కార్లు పడవు, రోడ్లు పడవు, పెట్రోల్ వచ్చినంక బెదూల, అంటె ఎడారిల ఒంటెలతోని తిరిగే అరబ్బు తెగోళ్ల, బతుకు పాడయింది అని రాసిండు. 1977ల మళ్ల అబుదాబి పోయినప్పుడు ఆ బిల్డింగులు చూసి ఆయనకు నచ్చలేదట. అన్నా, జూన్ నెలల ఆ ఎండల సెంట్రింగ్ కొట్టినోనికి తెల్వాలె. ఇప్పుడు జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాక బయట పని బంద్ పెడుతున్నరు, అది మనుషులు సచ్చిపోతున్నరనే కదా పెట్టింది. అక్కడి ముసలాయన ఒకాయన నాతోని అన్నడు, మా తమ్ముళ్లు ఇద్దరు జ్వరంతోని పోయిండ్రు, దవాఖాన ఉంటే బతికెటోళ్లు అని. ఆ ముసలాయనకు ఏసీ కారు వద్దు అని మనం చెప్తమా? కష్టంల అందం ఉంటది అని రాయాల్నంటే ఆ కష్టం నుంచి వాపస్ పోయేతందుకు టికెట్ ఉండాలె చేతుల.

పాకాల_పిల్ల (నర్సంపేట):
అన్నా మీరు చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. నేను ఎంఏ హిస్టరీ చేసిన, ఈ పుస్తకం మా దగ్గర ఒక పేపర్ కోసం చదివిన. నా కోపం ఇంకోటి. అంత పెద్ద పుస్తకంలో ఆడవాళ్లు ఎక్కడున్నరు? డేరా నేసింది ఎవరు, మేకలు కాసింది ఎవరు, తోలు తిత్తులు తయారు చేసింది ఎవరు? దూరం నుంచి కనపడి పోతరు అంతే. సగం మంది లేకుండా ఒక జాతి జీవితం రాసినట్టు ఎట్లయితది. సాంస్కృతిక భూగోళం అంటే అందరి బతుకు కదా సార్.

ఇంకొకటి, రబ్ అల్ ఖాలీ దాటిన మొదటి యూరప్ మనిషి థెసిగర్ కాదు. 1930-31లో బెర్ట్రమ్ థామస్ అనే ఇంగ్లీషాయన సలాలా నుంచి దోహా దాకా పోయిండు, 1932లో ఫిల్బీ అనే ఇంకో ఇంగ్లీషాయన పోయిండు. వాళ్లిద్దరి తర్వాతే ఈయన. ముగ్గురినీ తీస్కపోయింది బెదూలే. వాళ్లకు అది ఇల్లు. మన ఇంట్లోకి మనమే తోల్కపోయిన చుట్టానికి ఇల్లు కనిపెట్టిండని మెడల్ ఇచ్చినట్టు ఉంటది నాకైతే.

గ్రూప్స్ చదివేవాళ్లకు ఒక ముక్క: మాంటేగ్ చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలల్ల ఆ చెమ్స్‌ఫర్డ్ ఉన్నడు కదా, 1916 నుంచి 1921 దాకా వైస్రాయ్, జలియన్‌వాలాబాగ్ జరిగినప్పుడు ఉన్నాయన, ఆయన ఈ థెసిగర్‌కు సొంత పెద్దనాన్న. నాన్న అడిస్ అబాబాలో బ్రిటిష్ రాయబారి. 1930లో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ పట్టాభిషేకానికి ఈ పోరనికి పేరు మీద పిలుపు వచ్చింది. ఒంటె మీద ఉప్పు నీళ్లు తాగుకుంటా తిరిగిండు నిజమే, కానీ వెనక ఎంత పెద్ద సామ్రాజ్యం ఉన్నదో మర్చిపోవద్దు.

మంచిర్యాల_బొగ్గుబాయి:
చెల్లె సరిగ్గ పట్టుకున్నది. మా దిక్కు చూడుండ్రి, 1871ల జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు కాడ బొగ్గు ఉన్నదని చూసిండు, తర్వాత బాయిలు వచ్చినయి, ఊర్లు పోయినయి, ఉద్యోగాలు వచ్చినయి, రెండూ నిజమే. సర్వే మనిషి మంచోడు కావచ్చు గని వాని వెనక వచ్చేటోడు కంపెనీవాడు. థెసిగర్ తిరిగినప్పుడే ఆయిల్ కంపెనీలు ఆ అంచుల పొంటి తిరుగుతున్నయి. ఆయన మొదటి సారి దాటిన ఉరూఖ్ అల్ షైబా ఇసుక గుట్టల కాడనే ఇప్పుడు షైబా ఆయిల్ ఫీల్డ్ ఉన్నది, 1998 నుంచి తీస్తున్నరు. మ్యాపు గీసినంక అది ఎవని చేతికి పోతదో గీసినోని చేతుల ఉండదు.

భూగోళం_సార్:
ఇద్దరి మాటలు న్యాయమైనవి. నేను కూడా క్లాసులో ఇవే చెప్పేవాణ్ని. కాని ఒక తేడా గమనించండి. ఆయన సామ్రాజ్యం మనిషే, కానీ ఎవరు తీస్కపోయిండ్రో పేరు పేరునా రాసిండు. మొదటి యాత్రలో అల్ షైబా గుట్టలు ఎక్కిన రోజు చదవండి. రెండు వందల మీటర్ల దాకా లేచిన ఇసుక, ఒంటెలు నీరసపడ్డయి, తిత్తుల్లో నీళ్లు అడుగంటుతున్నయి, వెనకకు పోతే కూడా బతుకుతమన్న భరోసా లేదు. బైత్ కథీర్ తెగవాళ్లు చాలా మంది అంతకుముందే మా వల్ల కాదని ఆగిపోయిండ్రు. ముహమ్మద్ అల్ ఔఫ్ అనే రషీద్ తెగ మనిషి ఒక్కడే ముందుకు పోయి, ఎక్కడ వాలు మెత్తగా ఉన్నదో, ఎక్కడ ఒంటె కాలు నిలుస్తదో చూసి వచ్చిండు. తర్వాత ఒక్కొక్క ఒంటెను పట్టుకొని, ఆపుకుంటా, మెల్లగా ఎక్కించిండ్రు. ఇక మా పని అయిపోయింది అనుకున్నానని థెసిగర్ ఒప్పుకుంటడు, దాటించింది అల్ ఔఫ్ అని రాస్తడు. చాలా మంది యాత్రికుల పుస్తకాల్లో గైడ్ అనే ఒక్క మాటతోని అయిపోతది ఆ మనిషి.

రెండో యాత్రలో సౌదీ రాజు అనుమతి లేకుండా పోయిండు, సులైయిల్ కాడ పట్టుకొని నిర్బంధించిండ్రు. ముందు ఆ ఎడారి దాటిన ఫిల్బీయే రాజుతోని మాట్లాడి విడిపించిండు. తన ఆశ కోసం వెంట ఉన్న పిల్లల ప్రాణాలు అపాయంలో పెట్టిండని అడగొచ్చు, అడగాలె కూడా. ఆడవాళ్ల విషయంలో పాకాల అమ్మాయి చెప్పిందే ఖరారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

సిరిసిల్ల_మగ్గం:
నేను ఫోటోలు తీస్త పెండ్లిళ్లకు, అందుకని ఫోటోల గురించే చెప్త. 1934 నుంచి ఆయన లైకా కెమెరా వాడిండు, బ్లాక్ అండ్ వైట్. మొత్తం 38 వేల నెగటివ్‌లు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌ల పిట్ రివర్స్ మ్యూజియంల ఉన్నయి. వాటిల కొన్ని ఆన్‌లైన్‌ల చూసిన, మనిషి మొఖం మీద వెలుగు పక్క నుంచి పడతది, ఎనక ఇసుక ఖాళీగ ఉంటది, ఇగ ఏం ఉండది. ఆ ఎండల, ఆ దుమ్ముల ఫిల్ము చెడకుండ కాపాడుడే పెద్ద పని. ఆయన బట్టలు గూడ వాళ్ల బట్టలే, తలకు గుడ్డ, పొడుగు అంగి, కాళ్లకు చెప్పులు లేకుండ నడిచిండు. ఆ తలగుడ్డ చుట్టుకునే తీరు తెగ తెగకు వేరే ఉన్నట్టు ఫోటోలల్ల కనపడ్తది, నేత మీద ఆసక్తి ఉన్నోళ్లు తప్పక చూడుండ్రి.

ఓరుగల్లు_పోరడు:
అందరికి మస్తు థాంక్స్, ఇంత మంది రాస్తరనుకోలే. నాకు ఇంకొక సీను మీద డౌటు ఉన్నది. ఒక కాడ ఇసుకల ఒంటె అడుగులు కనపడతయి. ఒకాయన దిగి, ఆ అడుగులు చూసుకుంట కొంత దూరం పోయి, ఒంటె పెంటికలు చేతితోని విరగ్గొట్టి చూసి వాపస్ వచ్చి చెప్తడు: ఫలానా తెగోళ్లు, ఆరుగురు, దక్షిణం దిక్కు ఫలానా వాళ్ల మీద పడి మూడు ఒంటెలు తోల్కపోతున్నరు, ఫలానా కాడ నీళ్లు తాపిండ్రు, పోయి పది రోజులయింది. తర్వాత విచారిస్తే అంతా కరెక్టే. ఇది నిజంగ అయితదా? జగిత్యాల అన్నా, మీరు అక్కడ ఉన్నరు గదా.

జగిత్యాల_గల్ఫ్_అన్న:
తమ్మీ నేను సిమెంట్ పని చేసినోణ్ని, ఒంటెల గురించి నాకేం ఎర్క. గని మా మామ సౌదీల ఒంటెలు కాసిండు. తోటపని అని చెప్పి తోలిండ్రు, తీరా పోతే ఎడారిల ఒక డేరా, మంద ఒంటెలు, పక్కన మనిషి లేడు. జీతం గూడ సరిగ్గ ఇయ్యలే, ఆ బాధ అంతా వేరే. నిన్న రాత్రి ఫోన్ చేసి ఇదే అడిగిన. మామ నవ్విండు, గది గూడ పెద్ద సంగతేనా అన్నడు.

మామ చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. ఒంటెకు గిట్ట ఉండది, మెత్తటి అరికాలు ఉంటది, మెత్తటి ఇసుకల పెరిగిన ఒంటెకు ఆ అరికాలు తోలు పేలికలు పేలికలుగ లేస్తది, అడుగుల ఆ గీతలు పడతయి. రాళ్ల నేల మీద తిరిగిన దానికి అరికాలు అరిగి నున్నగ అయితది, అడుగు సాఫుగ పడ్తది. మనిషిని మోసే ఒంటె అడుగు లోతుగ దిగుతది, చూడి ఒంటెది గూడ లోతుగనే ఉంటది గని నడక వేరే. పెంటిక విరిస్తె లోపల ఏం మేసిందో తెలుస్తది, ఎంత ఎండిందో చూస్తె ఎన్ని రోజులయిందో, నీళ్లు తాగి ఎంత సేపయిందో తెలుస్తది. మొదట్ల మామకు అన్ని ఒంటెలు ఒక్క తీరే కనపడేవట, తర్వాత తర్వాత రాత్రి తప్పిపోయిన ఒంటెను పొద్దుగాల అడుగు వట్టుకొని తోలుకొచ్చేటోడట. నేర్పింది ఒక సూడాన్ ముసలాయన, పక్క మంద కాసేటాయన, నెలకోసారి నీళ్ల ట్యాంకర్ కాడ కలిసేటోడు.

ఓరుగల్లు_పోరడు:
అన్నా నాకు చదువుతుంటే రోమాలు లేచినయి. పేలికల సంగతి, రాళ్ల నేల ఒంటెకు అరికాలు నున్నగ ఉండుడు, ఇవి అచ్చం ఆ పుస్తకంల ఉన్నయి!

పాకాల_పిల్ల:
సార్, ఇది చూసినంక నాకు వేరే ఆలోచన వస్తున్నది. థెసిగర్ 1950లో అరేబియా వదిలి పోయిండు, తర్వాత ఇరాక్ చిత్తడి నేలల్లో ఏండ్లకేండ్లు ఉండి 1964లో ఇంకో పుస్తకం రాసిండు, 1990లల్లో సద్దాం ఆ చిత్తడిని ఎండబెట్టినంక ఆ బతుకు ఎట్లుండెనో తెలుసుకోవడానికి ఆ పుస్తకం, ఆ ఫోటోలే పనికొస్తున్నయి. అంటే రాసి పెట్టుడు అనేది ఎంత పనికొస్తదో కనపడుతనే ఉన్నది. మరి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి పోయి ఎడారిలో ఒంటెలు, గొర్లు కాసి వచ్చినోళ్లు ఊరూరికీ ఉన్నరు. వాళ్ల దగ్గర ఉన్న ఎడారి భూగోళం ఎవరు రాసిండ్రు? ఏ బావి, ఏ గాలి, ఏ చెట్టు, ఎట్ల దారి పట్టేది. వాళ్లు పడ్డ అప్పులు, ఏజెంట్ల మోసాలు పేపర్ల వస్తయి, రావాలె కూడా, కానీ వాళ్లు నేర్చుకున్నది ఎక్కడా రాదు.

భూగోళం_సార్:
అమ్మా, నేను ముప్పై ఏండ్లకు పైగా పాఠం చెప్పిన, నా క్లాసులో కూర్చున్న పిల్లల నాన్నలు ఎంత మంది గల్ఫ్‌లో ఉండెనో, ఒక్కరినన్నా పిలిచి మాట్లాడించాలని నాకు ఎవరూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు. నువ్వు మొదలుపెట్టు, ప్రశ్నలు తయారు చేయడానికి నేను కూర్చుంటా. ముందు జాగల పేర్లు, నీళ్లు, గాలి దిక్కులు, చుక్కలు చూసి దారి పట్టడం, ఒంటెల పేర్లు, రోగాలు, మందులు. మాట్లాడింది మాట్లాడినట్టు రికార్డు చేయాలె, ఆయన మాటలోనే ఉండాలె, పుస్తకం భాషలోకి మార్చొద్దు.

ఆదిలాబాద్_పత్తిచేను:
మిడతల గురించి గూడ అడుగుండ్రి. ఆ జాగల ఎప్పుడన్న దండు చూసిండేమో, వాన పడ్డ ఎన్ని రోజులకు పిల్ల మిడతలు కనపడ్డయో. మా దిక్కు గూడ గొర్లు కాసి వచ్చినోళ్లు ఇద్దరు ఉన్నరు, నేను మాట్లాడి చెప్త.

ఓరుగల్లు_పోరడు:
నేను రికార్డింగ్, టైపింగ్ చేస్త. అన్నా, మామ ఒప్పుకుంటడా? ఎప్పుడు ఫోన్ చేస్తె మంచిది?

జగిత్యాల_గల్ఫ్_అన్న:
మామను అడిగిన, సరే అన్నడు. పొద్దుగాల పొలం కాడికి పోతడు, రాత్రి ఏడు దాటినంక చెయ్యుండ్రి. ఊరికే వస్తమంటే ఇంకా మంచిది, జగిత్యాల బస్టాండ్ కాడికి నేను బండి వేసుకొని వస్త. ఒక్క మాట మాత్రం, జీతం సంగతి, పాస్‌పోర్ట్ గుంజుకున్న సంగతి ముందుగాల అడగకుండ్రి, ఆయన మాట బంద్ అయితది. ఒంటెల పేర్లతోని మొదలు వెట్టుండ్రి. ఒక్కొక్క దాని పేరు, దాని గుణం చెప్పుకుంట పోతడు, మిగిలినవన్ని దాంట్లనే వస్తయి.